రేపే తొలి క్లాసు: కొత్త టీఏల ప్రశ్నలు, మా జవాబులు

సెమిస్టర్ మొదలయ్యే రోజుల్లో వరంగల్, హన్మకొండ, కాజీపేట నుంచి ఈ శీర్షికకు ఒకే తీరు ఉత్తరాలు వస్తాయి. ఎం.టెక్.లోనో పీహెచ్‌డీలోనో చేరి, హాస్టల్ గదిలో సామాను సర్దుకోకముందే ఫలానా సెక్షన్‌కు ట్యుటోరియల్, ఫలానా బ్యాచ్‌కు ల్యాబ్ అని పేరు పడిన టీఏలు, అంటే టీచింగ్ అసిస్టెంట్లు, రాసేవి. ఈసారి వాటినే తీసుకున్నాం.

ప్రశ్న: గేట్ రాసి ఎం.టెక్.లో చేరాను. నెలకు 12,400 స్టైపెండ్, అందుకు వారానికి 8 గంటల టీఏ పని. సోమవారం బీటెక్ ఫస్టియర్‌కు గణితం ట్యుటోరియల్ నాది. 60 మంది, 50 నిమిషాలు. సార్ ఇచ్చిన షీట్‌లో మాత్రికలు, ఐగన్ విలువల మీద 10 లెక్కలున్నాయి. పుస్తకం మొదటినుంచి మళ్లీ చదువుతున్నాను. ఇంకేం చేయాలి? – ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: ముందు పుస్తకం మూసేయండి. గేట్ దాటినవారికి ఐగన్ విలువలు రాకపోవడం ఉండదు. తెల్లకాగితం తీసుకుని ఆ పది లెక్కలూ పెన్నుతో, ఒక్క మెట్టు కూడా మింగకుండా చేయండి. కళ్లతో చదివి ‘ఆఁ, ఇది వచ్చులే’ అని వదిలేసిన లెక్కే రేపు బోర్డు దగ్గర మొండికేస్తుంది. షీట్‌లో అచ్చుతప్పు ఉన్నా ఇప్పుడే బయటపడుతుంది. మైనస్ గుర్తు ఒకటి ఎగిరిపోయి ఐగన్ విలువలు వికారమైన వర్గమూలాలుగా రావడం మామూలే.

ఒక్కో లెక్క పక్కన పట్టిన సమయం రాసుకోండి. మీకు 6 నిమిషాలైతే ఫస్టియర్ వాళ్లకు 15 నుంచి 20 అనుకోండి. హాజరుకు, సర్దుకోవడానికి 10 నిమిషాలు పోగా 40 మిగులుతాయి. అంటే రెండు లెక్కలు, క్లాసు బాగా నడిస్తే మూడు. పదీ పూర్తిచేయాలని కూర్చుంటే మీరు బోర్డు మీద రాస్తూ పోతారు, వాళ్లు నోట్సులోకి ఎక్కిస్తూ పోతారు. మిగతావన్నీ ఇంటిపనికి వదిలేయండి.

ఏ రెండు? ఒకటి అందరూ చేయగలిగేది, చేతులు కదలడానికి. రెండోది అందరూ జారిపడేది. ఈ చాప్టర్‌లో జారిపడే చోటు దాదాపు ఎప్పుడూ ఒకటే. మొదటి వరుస 2, 1; రెండో వరుస 1, 2 ఉన్న మాత్రిక తీసుకోండి. కనుక్కోవాల్సిన ఐగన్ విలువను లాంబ్డా అనుకుని, (2 – లాంబ్డా) వర్గం నుంచి 1 తీసేసి సున్నాకు సమానం చేస్తే ఐగన్ విలువలు 1, 3 వస్తాయి. కానీ క్లాసులో కొందరు ముందే రో ఆపరేషన్ చేసేస్తారు. రెండో వరుసలోంచి మొదటి వరుసలో సగం తీసేస్తే కింది వరుస 0, 1.5 అవుతుంది. అప్పుడు వికర్ణం మీదున్న 2, 1.5 లనే ఐగన్ విలువలని రాసేస్తారు. అంతకుముందు వారమే మాత్రిక ర్యాంకు కనుక్కోవడానికి ఇదే పని చేసి మార్కులు తెచ్చుకున్నారు కదా, చేయి అటే పోతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. గట్టి పిల్లలు జవాబు సరిచూసుకుంటారు, ‘ఐగన్ విలువల లబ్ధం డిటర్మినెంట్‌కు సమానం’ అని. 2 ఇంటూ 1.5 మూడు, డిటర్మినెంటూ మూడే. సరిపోయిందనుకుని ముందుకెళ్తారు. ఒక వరుసలోంచి ఇంకో వరుస గుణిజం తీసేస్తే డిటర్మినెంట్ మారదు కాబట్టి ఆ పరీక్ష ఈ తప్పును ఎన్నటికీ పట్టదు. పట్టేది మొత్తం: ఐగన్ విలువల మొత్తం వికర్ణం మొత్తానికి సమానం కావాలి. అసలు మాత్రికలో వికర్ణం మొత్తం 4, వాళ్ల జవాబుల మొత్తం 3.5. బోర్డు మీద ఈ రెండు జవాబులూ పక్కపక్కన రాసి, ఏది తప్పో ఎలా పట్టుకుంటారని అడిగి ఊరుకోండి. రో ఆపరేషన్ అంటే మాత్రికను ఒక్క ఎడమవైపు నుంచే గుణించడం. ఐగన్ విలువలు నిలవాలంటే కుడివైపు దాని విలోమంతోనూ గుణించాలి. ఈ సంగతి తర్వాత చెప్పినా ఎక్కుతుంది, ముందే చెబితే ఎక్కదు. మిగతా షీట్‌కూ ఇలాగే ప్రతి లెక్క పక్కన ‘ఇక్కడ ఏం తప్పు చేస్తారు’ అని ఒక వాక్యం రాసుకోండి. అసలైన క్లాసు నోట్సు అదే.

ఒకరోజు ముందు సాయంత్రం ఆ గదికి వెళ్లండి. బ్లాక్‌బోర్డా, వైట్‌బోర్డా? సుద్దముక్కలు, డస్టర్ ఉన్నాయా? ఉన్నా మీవి రెండు జేబులో వేసుకోండి. కొత్త సుద్దముక్క కీచుమంటుంటే సగానికి విరవండి. బోర్డు మీద ఒక లైను రాసి చివరి బెంచీలో కూర్చుని చదవండి. ఫ్యాన్లన్నీ వేసి ఇంకొకర్ని చివర కూర్చోబెట్టి మాట్లాడితే ఇంకా మంచిది. పాత భవనాల్లో ఫ్యాన్ల చప్పుడు గొంతును మింగేస్తుంది. బోర్డును నిలువుగా మూడు భాగాలు చేసుకుని ఎడమ నుంచి నింపుతూ రండి, మూడోది నిండేదాకా మొదటిది చెరపకండి. లెక్క ఇచ్చాక మీరు బోర్డు దగ్గర నిలబడితే ఎవరూ పెన్ను కదపరు. బెంచీల మధ్యకు వెళ్లండి. ముందు వెనక వరుసకు.

ప్రశ్న: కెమిస్ట్రీ పీహెచ్‌డీ స్కాలర్‌ని. ఫస్టియర్ ల్యాబ్‌లో తొలి ప్రయోగం ఈడీటీఏతో నీటి కాఠిన్యం కనుక్కోవడం. 30 మంది, ఇద్దరికొక బ్యూరెట్. రసాయనాలు ల్యాబ్ అసిస్టెంట్ కలిపి పెడతారు. నేను వేరే చూసుకోవాల్సింది ఉంటుందా? – ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: చాలా ఉంటుంది. ఎవరు కలిపినా, అదే సీసాల్లోంచి ద్రావణాలు తీసుకుని, పిల్లలు వాడే బ్యూరెట్‌తోనే ప్రయోగం మొత్తం ముందురోజు మీరు ఒకసారి చేయాలి. ‘బీఎస్సీలో చేశానుగా’ అన్నది లెక్కలోకి రాదు. ఆ రోజు బఫర్, అంటే పీహెచ్‌ను నిలబెట్టే ద్రావణం, వేరు, ఈ రోజు బఫర్ వేరు.

ముందు ఈడీటీఏ ఎంత కావాలో చూద్దాం. 15 జతలు. ఒక్కో జత ప్రమాణ కఠిన జలంతో, అంటే కాఠిన్యం ముందే తెలిసిన నీటితో, మూడుసార్లు, నమూనా నీటితో మూడుసార్లు టైట్రేషన్ చేస్తుంది. బ్యూరెట్ కడగడానికి 10 మి.లీ., ప్రమాణ జలానికి 20 చొప్పున 60, నమూనాకు సుమారు 30. జతకు 100 మి.లీ., అందరికీ లీటరున్నర. ఒలకబోతలు కలుపుకుని 2 లీటర్లు ఉంచండి. 0.01 మోలార్ ద్రావణానికి డైసోడియం ఈడీటీఏ లీటరుకు 3.72 గ్రాములు, రెండు లీటర్లకు 7.44. అది నెమ్మదిగా కరుగుతుంది, ఉదయం హడావుడిగా కలిపితే అడుగున పలుకులు మిగులుతాయి, గాఢత తప్పుతుంది. ప్రమాణ జలానికి 1 గ్రాము కాల్షియం కార్బొనేట్‌ను విలీన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి లీటరుకు తేవాలి. అప్పుడు మి.లీ.కు 1 మి.గ్రా. లెక్క తేలిక.

ఇబ్బంది పెట్టేది బఫర్. 17.5 గ్రాముల అమోనియం క్లోరైడ్, 142 మి.లీ. గాఢ అమోనియా, మిగతా నీళ్లు కలిపి 250 మి.లీ.; పీహెచ్ 10 దగ్గర ఉండాలి. టైట్రేషన్‌కు 2 మి.లీ. చొప్పున 90 టైట్రేషన్లకు 180 మి.లీ., కాబట్టి ఒక సీసా సరిపోతుంది. కానీ పోయిన సెమిస్టర్ సీసా వాడొద్దు. మూత తీసినప్పుడల్లా అమోనియా ఎగిరిపోయి పీహెచ్ పడిపోతుంది. అప్పుడు బ్యూరెట్‌లోది ఎంత పోసినా ఫ్లాస్కులో నిఖార్సైన నీలం రాదు, ఊదారంగు దగ్గరే వేళ్లాడుతుంది. 30 మంది ఒకేసారి ‘మేడమ్, రంగు మారట్లేదు’ అంటే తొలిరోజే తల పట్టుకోవాల్సి వస్తుంది. గాఢ అమోనియా సీసాను ఎండవేళల్లో చల్లబరిచాకే, ఫ్యూమ్ హుడ్‌లోనే తెరవండి. లోపల పీడనం పెరిగి చిమ్ముతుంది.

ఇండికేటర్, అంటే రంగు మారి టైట్రేషన్ ముగిసిందని చెప్పేది, ఎరియోక్రోమ్ బ్లాక్ టీ. ఆల్కహాల్‌లో కలిపింది కొద్ది రోజులకే చెడిపోతుంది. ఒక పాలు ఇండికేటర్‌కు వంద పాళ్లు ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్, కలిపి నూరి పెట్టుకున్న పొడి చాలాకాలం ఉంటుంది. చిటికెడు చాలు, ఎక్కువైతే రంగు ముదిరి మార్పు కనిపించదు. ఇంకో సూక్ష్మం: కాల్షియం ఒక్కటే ఉన్న ప్రమాణ జలంలో ఈ ఇండికేటర్ రంగు మందకొడిగా మారుతుంది. మార్పు స్పష్టంగా కనబడాలంటే మెగ్నీషియం ఉండాలి. బోరు నీళ్లలో అది సహజంగానే ఉంటుంది కాబట్టి ‘నమూనాకు బాగా వచ్చింది, ప్రమాణానికి రాలేదు’ అని పిల్లలు వస్తారు. బఫర్‌లో కొద్దిగా మెగ్నీషియం–ఈడీటీఏ కలిపి పెడితే ఈ పేచీ ఉండదు.

ఇక పిల్లలు చేసే తప్పులు. బ్యూరెట్ మీద గరాటు అలాగే వదిలేస్తారు, రీడింగ్ తీశాక అందులోంచి చుక్క జారుతుంది. కొన దగ్గర గాలిబుడగ ఉంచేస్తారు. అది మధ్యలో బయటపడితే రీడింగు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. శంఖాకార ఫ్లాస్కును నమూనా నీటితోనే కడుగుతారు. బ్యూరెట్‌ను, పిపెట్‌ను వాటిలో పోయబోయే ద్రావణంతో కడగాలి, ఫ్లాస్కును మాత్రం స్వేదన జలంతోనే. ఎందుకో వాళ్లతోనే చెప్పించండి. అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది: పని తేలికవుతుందని మూడు ఫ్లాస్కుల్లోనూ బఫర్ ముందే పోసి వరసగా పెట్టుకుంటారు. పీహెచ్ పెరిగిన కఠిన జలాన్ని అలా వదిలేస్తే కాల్షియం కార్బొనేట్‌గా విడిపోవడం మొదలవుతుంది, మూడో రీడింగు తగ్గుతుంది. బఫర్ పోశాక 5 నిమిషాల్లో టైట్రేషన్ ముగించాలి. చివర్లో చర్య నెమ్మది. ద్రాక్షరంగులోంచి ఊదాలోకి రాగానే చుక్కచుక్కగా, ప్రతి చుక్కకూ తిప్పుతూ పోవాలి. ఫ్లాస్కు కింద తెల్లకాగితం పెట్టించండి. పిపెట్‌ను నోటితో పీల్చనివ్వొద్దు, పిపెట్ బల్బులు 15 ఉన్నాయో లేదో ముందే లెక్కపెట్టండి.

మొదటి ఐదు నిమిషాలు ఏం మాట్లాడాలన్నది పెద్ద సమస్య కాదు. మన వైపు బోరు నీళ్లకు కందిపప్పు ఉడకదని, సబ్బు నురగ రాదని, హాస్టల్ గీజర్‌లో తెల్లటి పెచ్చు కడుతుందని వాళ్లకూ తెలుసు. ఒక బకెట్ అడుగున గీకిన పెచ్చు కాగితంలో పట్టుకెళ్లండి. మీరు ముందురోజు చేసినప్పుడు 20 మి.లీ. కుళాయి నీటికి ఉదాహరణకు 8.4 మి.లీ. ఈడీటీఏ పట్టిందనుకుందాం. ఈడీటీఏ సరిగ్గా 0.01 మోలారైతే 8.4ను 50తో గుణించాలి, లీటరుకు 420 మి.గ్రా. తాగునీటికి మన దేశ ప్రమాణం 200; వేరే దారి లేనిచోట 600 వరకు ఒప్పుకుంటుంది. మీ విలువను మీ దగ్గరే దాచుకోండి. బయటపెడితే 15 జతలకూ అదే వస్తుంది. సీనియర్ల రికార్డు పుస్తకం చేతులు మారినా అంతే. తొలిరోజే రీడింగులు పెన్నుతో అప్పటికప్పుడు రాయించి, పేజీ కింద మీ సంతకం పెట్టేయండి.

ప్రశ్న: సార్, మాది పరకాల దిక్కు. ఇంటర్ దాంక తెలుగు మీడియమే సదివిన. పీజీ అయిపోయి ఇప్పుడు ఒక కాలేజీల టీఏగ చేరిన. సబ్జెక్టుకు భయం లేదు గని, ఇంగ్లిష్‌ల ఐదు నిమిషాలు మాట్లాడాలంటే నోరు ఎండుకపోతది. పోరగాండ్లు నవ్వుతరేమోనని రాత్రి నిద్ర పడ్తలేదు. క్లాసుల తెలుగు మాట్లాడితే తప్పా? – ఒక పాఠకుడు

జవాబు: ముందు ఎదురుగా ఎవరు కూర్చున్నారో చూడండి. ఎన్‌ఐటీ లాంటి చోట సగం సీట్లు ఇతర రాష్ట్రాల వాళ్లవి. అక్కడ తెలుగులోకి జారితే సగం గది బయట ఉండిపోతుంది. హిందీలోకి జారేవారికీ ఇదే చెబుతాం, తమిళ, మలయాళ పిల్లలు ఏమైపోవాలి? ఊళ్లలోని డిగ్రీ కాలేజీలో అందరూ మనవాళ్లే అయితే తెలుగులో వివరించడం తప్పు కాదు, మేలు. కాకపోతే బోర్డు మీది రాత మాత్రం ప్రశ్నపత్రం ఏ భాషలో వస్తుందో ఆ భాషలోనే ఉండాలి.

ట్యుటోరియల్ నడపడానికి పట్టే ఇంగ్లిష్ చాలా కొంచెం. ‘టేక్ టూ మినిట్స్ అండ్ ట్రై’, ‘వాట్ డిడ్ యూ గెట్?’, ‘హౌ డిడ్ యూ గెట్ దిస్ లైన్?’, ‘కంపేర్ విత్ యువర్ నైబర్’, ‘ఈజ్ దిస్ క్లియర్ ఫ్రమ్ ద బ్యాక్?’ – ఇలాంటివి పదో పన్నెండో కాగితం మీద రాసుకుని బిగ్గరగా అనండి. మనసులో అనుకుంటే లాభం లేదు, నోటికి అలవాటు కావాలి. మొదటి మూడు వాక్యాలు మాత్రం అక్షరం పొల్లుపోకుండా కంఠతా పట్టండి: మీ పేరు, ఈ గంటలో చేసే పని, అనుమానమొస్తే మిమ్మల్ని ఎప్పుడు, ఎక్కడ కలవొచ్చు. మూడో వాక్యం దాటేసరికి గొంతు దారిలో పడుతుంది.

మీకు ఉన్న ఒక వసతి ఇంగ్లిష్ మీడియం టీఏలకు లేదు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్ల ‘ఫంక్షన్’ దగ్గర ఆగిపోతే, అది ఇంటర్‌లో చదివిన ప్రమేయమేనని చెప్పగలిగేది మీరు. లిమిట్ అంటే అవధి, డెరివేటివ్ అంటే అవకలజం, డిటర్మినెంట్ అంటే నిర్ధారకం. ఒక్కసారి రెండు పేర్లూ కలిపి పలికితే చాలు, ఆ అమ్మాయికి రెండేళ్ల చదువు తిరిగి చేతికొస్తుంది.

భయంలో మాట వేగం పెరుగుతుంది. ప్రశ్న అడిగి మనసులో పది లెక్కపెట్టండి. ఆ నిశ్శబ్దం మీకు గంటలా అనిపిస్తుంది, వాళ్లకు ఆలోచించడానికే చాలదు. నాలుగు లెక్కపెట్టేలోపే మీరే జవాబు చెప్పేస్తే, రెండో ప్రశ్న నుంచి ఎవరూ ప్రయత్నించరు.

ప్రశ్న: నా వయసు 23. హాస్టల్ మెస్సులో పక్కన కూర్చుని తినేవాళ్లే క్లాసులోనూ ఉన్నారు. ‘అన్నా, ఇయ్యాల రాలేను, హాజరు వెయ్యవా’ అని ఇప్పటినుంచే అంటున్నారు. సార్ అని పిలవమనాలా? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: అన్న అంటే అననివ్వండి. ఇక్కడ మూడేళ్లు పెద్దయితే అన్నే, దాన్ని మార్చబోతే మీరే నవ్వులపాలవుతారు. హాజరు మాత్రం గట్టిగా పట్టుకోండి. హాజరు శాతం తక్కువైతే పరీక్ష రాయనివ్వని చోట, ఒక్కడికి వేసిన హాజరు రాని మిగతావాళ్లకు అన్యాయం. పిలవడం అయ్యాక తలలు లెక్కపెట్టి ‘47 మంది ఉన్నారు, 51 పలికాయి’ అని బయటికే అనండి, పేర్లు అడగకండి. రెండోవారం నుంచి ఆ నాలుగు గొంతులు ఆగిపోతాయి. మెస్సులో అడిగినవాళ్లకు ఒకే మాట: హాజరు పట్టిక సార్ దగ్గర ఉంటుంది, దిద్దే అధికారం నాకు లేదు. అది నిజం కూడా అయ్యేలా క్లాసు అవగానే పట్టిక ఇచ్చేయండి.

ప్రశ్న: తొలి క్విజ్ 60 పేపర్లు నేనే దిద్దాలి. 10 మార్కులకు మూడు లెక్కలు. ఎక్కడ మొదలుపెట్టాలి? – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: పేపరు తర్వాత పేపరు కాదు, లెక్క తర్వాత లెక్క. మొదటి లెక్క 60 పేపర్లలోనూ దిద్దాకే రెండోది. అప్పుడు ఒకే తప్పుకు ఒకచోట ఒక మార్కు, ఇంకోచోట రెండు పోయే ప్రమాదం తగ్గుతుంది. మార్కులు వేసేముందు ఓ ఐదారు పేపర్లు ఊరికే చదవండి. మీరు ఊహించని పద్ధతిలో సరైన జవాబు తెచ్చినవాళ్లు తప్పక ఉంటారు. ఆ తర్వాత ఏ మెట్టుకు ఎంతో రాసి సబ్జెక్టు సార్‌కు చూపించండి. మొదట్లో ఒక కూడిక తప్పి, అక్కడినుంచి పద్ధతంతా సరిగా నడిపినవాళ్లకు ఒక్కసారే కోత వేయాలి, ప్రతి లైనులోనూ కాదు. పైన చెప్పిన రో ఆపరేషన్ తప్పు మాత్రం కూడిక తప్పు కాదు, పద్ధతే తప్పు. అక్కడ ఉదారంగా ఉంటే సెమిస్టర్ పరీక్షలోనూ అదే చేస్తారు. చివరి పది పేపర్లు దిద్దాక మొదటి పదీ మళ్లీ చూడండి, అలసట పెరిగేకొద్దీ చేయి బిగుస్తుంది.

ప్రశ్న: నాకు తెలియని అనుమానం అడిగితే? – ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: ‘నాకిప్పుడు తోచడం లేదు, గురువారం చెబుతా’ అనండి. ఆ ప్రశ్నను బోర్డు కుడిమూల పెట్టెగీసి, అడిగినవారి రోల్ నంబరుతో రాసి, వెళ్లేముందు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. గురువారం ఆ జవాబుతోనే క్లాసు మొదలుపెట్టండి. అడిగినవాడు ఆ రోజు రాకపోయినా చెప్పండి.